గ్యాస్ లీకైనా మనిషి చావకూడదన్నాడు.. చివరికి ఆ లీకే ఆకాశానికి చిల్లు పెట్టింది! ఏసీ గ్యాస్ కనిపెట్టిన మిడ్జ్‌లీ కథ ఇదీ..

రోహిణి కార్తె ఎండలు తట్టుకోలేక ఇంటికి కొత్త ఏసీ తెచ్చుకుంటాం. టెక్నీషియన్లు వస్తారు. గోడకు రంధ్రం పెడతారు. లోపల ఒక యూనిట్, బయట ఒక యూనిట్ బిగిస్తారు. రెండింటినీ కలుపుతూ రెండు రాగి పైపులు వేస్తారు. కాసేపట్లో చల్లగాలి మొదలవుతుంది. ఇంట్లో వాళ్లంతా హమ్మయ్య అనుకుంటారు. ఆ పైపులు ఎలా కలిపారో మాత్రం ఎవరూ పట్టించుకోరు.

రెండు పైపులు.. నాలుగు చివర్లు.. నాలుగు నట్లు. ఏసీ భద్రతలో పెద్ద భాగం ఆ నాలుగు నట్ల దగ్గరే ఉంది. ఎందుకంటే లోపల తిరిగే గ్యాస్ బయటికి రావడానికి ఎక్కువగా దారి దొరికేది అక్కడే. వందేళ్ల కిందట ఇలాంటి జాయింట్లలోంచి గ్యాస్ కారి మనుషులు నిద్రలోనే చనిపోయేవాళ్లు. ఆ చావులకు ముగింపు పలకాలని ఓ ఇంజినీర్ కొత్త గ్యాస్ కనిపెట్టారు. ప్రపంచం ఆయన్ను నెత్తిన పెట్టుకుంది. కానీ కొన్ని దశాబ్దాల తర్వాత అదే గ్యాస్ భూమికి గొడుగులాంటి ఓజోన్ పొరను తినేస్తోందని తేలింది.

ఆయన పేరు థామస్ మిడ్జ్‌లీ జూనియర్. మంచి చేయబోయి ప్రపంచానికి రెండు పెద్ద తలనొప్పులు తెచ్చిపెట్టిన ఆ మనిషి జీవితం.. మన ఇంటి గోడ మీది ఏసీ పైపు దాకా ఎలా వచ్చిందో చూద్దాం.

ఫ్రిజ్ అంటేనే భయపడే రోజులు

1920ల్లో అమెరికా ఇళ్లలోకి కరెంటు ఫ్రిజ్‌లు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఫ్రిజ్ అయినా, ఏసీ అయినా పని చేసే పద్ధతి ఒకటే. ఒక గ్యాస్‌ను కంప్రెసర్‌తో గట్టిగా నొక్కుతారు. అది వేడెక్కుతుంది. ఆ వేడిని బయటికి వదిలించి ద్రవంగా మారుస్తారు. ఆ ద్రవం లోపలి కాయిల్‌లోకి వెళ్లి మళ్లీ ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. చల్లదనం అంతా ఆ తిరుగుడులోనే ఉంది.

చిక్కల్లా ఆ గ్యాస్ దగ్గరే వచ్చింది. అప్పట్లో వాడినవి ముఖ్యంగా మూడు.. అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్. అమోనియా కళ్లు, ఊపిరితిత్తులను మండించేస్తుంది. సల్ఫర్ డయాక్సైడ్ ఊపిరి ఆడనివ్వదు. అయితే ఈ రెండింటికీ ఘాటైన వాసన ఉంటుంది కాబట్టి లీకైతే వెంటనే తెలిసిపోతుంది. మూడోది అలా కాదు. మిథైల్ క్లోరైడ్‌కు లేతగా తీపి వాసన మాత్రమే ఉంటుంది. రాత్రి తలుపులు వేసుకుని పడుకున్న వాళ్లకు అది తెలియను కూడా తెలియదు. పైగా దానికి అంటుకునే గుణం కూడా ఉంది.

కంప్రెసర్ సీలు అరిగినా, పైపు జాయింటు వదులైనా ఇంట్లో వాళ్ల ప్రాణాల మీదికి వచ్చేది. 1929లో అమెరికాలోని షికాగోలో ఇళ్లలోని ఫ్రిజ్‌ల నుంచి మిథైల్ క్లోరైడ్ లీకై పలువురు చనిపోవడం పెద్ద సంచలనమైంది. ఈ భయం ఒక్క అమెరికాకే పరిమితం కాలేదు. 1926లో జర్మనీలోని బెర్లిన్‌లో ఫ్రిజ్ గ్యాస్ లీకై ఓ కుటుంబం చనిపోయిందన్న వార్త సాక్షాత్తూ ఆల్బర్ట్ ఐన్‌స్టీన్‌నే కదిలించింది. లియో సిలార్డ్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి ఆయన లీకయ్యే సీళ్లు, కదిలే భాగాలు లేని ఫ్రిజ్ తయారీపై ఏళ్ల తరబడి పని చేశారు. పేటెంట్లు వచ్చాయి గానీ ఆ ఫ్రిజ్ ఇళ్లకు చేరలేదు.

ఐన్‌స్టీన్ ఆలోచించింది.. లీకు లేకుండా చేయడం ఎలా అని. మిడ్జ్‌లీ ఆలోచించింది మరోలా.. లీకైనా ప్రమాదం లేని గ్యాస్ తెస్తే పోలేదా అని. చూడటానికి రెండోదే తేలికైన దారి. ప్రపంచం ఆ దారే పట్టింది.

తండ్రీ ఇన్వెంటరే.. కొడుకూ ఇన్వెంటరే

మిడ్జ్‌లీ 1889 మే 18న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం బీవర్ ఫాల్స్‌లో పుట్టారు. తండ్రి కూడా కొత్త కొత్త వస్తువులు కనిపెట్టే మనిషే.. కారు టైర్ల మీద పని చేశారు. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో పెరిగిన మిడ్జ్‌లీ, కార్నెల్ యూనివర్సిటీలో 1911లో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేశారు. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ప్రపంచం ఆయన్ను గొప్ప కెమిస్ట్‌గా గుర్తుపెట్టుకుంది. కానీ ఆయన చదివింది కెమిస్ట్రీ కాదు. అదంతా పనిలో పడ్డాక పట్టుబట్టి సొంతంగా నేర్చుకున్నదే.

1916లో డేటన్ నగరంలో చార్లెస్ కెట్టరింగ్ దగ్గర చేరడం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. కార్లకు సెల్ఫ్ స్టార్టర్ తెచ్చిన కెట్టరింగ్ అప్పటికే పెద్ద పేరున్న ఇంజినీర్. ఆ ల్యాబ్ తర్వాత జనరల్ మోటార్స్ కిందికి వెళ్లింది. కెట్టరింగ్ ఒక సమస్య ఇస్తే దాని అంతు తేల్చేదాకా మిడ్జ్‌లీ వదిలేవారు కాదు. ఇద్దరి మధ్య గురుశిష్యుల బంధం చివరిదాకా కొనసాగింది.

కెట్టరింగ్ ఇచ్చిన ఓ పని.. ఇంజిన్ నాకింగ్. పెట్రోల్ సిలిండర్‌లో సరైన టైమ్‌కు కాకుండా ఇష్టమొచ్చినట్టు మండితే ఇంజిన్‌లో టకటకమని శబ్దం వస్తుంది. పవర్ తగ్గుతుంది.. ఇంజిన్ పాడవుతుంది. చలికాలంలోనూ పూసే ఒక మొక్కకు ఎర్రటి ఆకులుంటాయని, ఎరుపు రంగు వేడిని బాగా పీల్చుకుంటుందని, పెట్రోల్‌కు కూడా రంగు వేస్తే ఫలితం ఉండొచ్చని గురుశిష్యులు అనుకున్నారు. చేతికి అందిన అయోడిన్ కలిపి చూశారు. నాకింగ్ తగ్గింది! అయితే అది రంగు మహిమ కాదని, అయోడిన్ గుణమని తర్వాత తేలింది. లెక్క తప్పు.. ఫలితం కరెక్ట్. మిడ్జ్‌లీ జీవితంలో ఇలాంటి అదృష్టం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

సీసం కలిపిన పెట్రోల్.. మొదటి తప్పటడుగు

అయోడిన్ ఖరీదెక్కువ.. పైగా ఇంజిన్‌ను తినేస్తుంది. దాంతో మిడ్జ్‌లీ ఒక్కో పదార్థాన్నీ పరీక్షిస్తూ పోయారు. టెల్లూరియం బాగానే పనిచేసింది గానీ, దాన్ని ముట్టుకున్న వాళ్ల ఒంటి నుంచి వెల్లుల్లి లాంటి వాసన ఎన్ని స్నానాలు చేసినా పోలేదు. చివరికి 1921 డిసెంబర్‌లో టెట్రాఇథైల్ లెడ్ దగ్గర ఆగారు. అంటే సీసం కలిసిన ద్రవం. చాలా కొద్దిగా కలిపితే చాలు.. నాకింగ్ మాయం.

1923 ఫిబ్రవరిలో డేటన్‌లో సీసం కలిపిన పెట్రోల్ అమ్మకం మొదలైంది. సీసం విషమని అప్పటికే అందరికీ తెలుసు. ఆల్కహాల్ కలిపినా నాకింగ్ తగ్గుతుందనీ తెలుసు. కానీ ఆల్కహాల్ మీద పేటెంట్ రాదు, లాభం రాదు. సీసం వైపే మొగ్గారు. అదే ఏడాది మొదట్లో మిడ్జ్‌లీ ఒంట్లోకే సీసం చేరింది. అన్నీ పక్కనపెట్టి మియామీ వెళ్లి విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చింది.

1924 అక్టోబర్‌లో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఘోరం జరిగింది. ఈ ద్రవం తయారుచేసే యూనిట్‌లో కార్మికులకు మతి చలించింది. ఐదుగురు చనిపోయారు. పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు. జనం భయపడిపోవడంతో మిడ్జ్‌లీ విలేకరుల ముందుకు వచ్చారు. ఆ ద్రవాన్ని చేతుల మీద పోసుకున్నారు. సీసా ముక్కు దగ్గర పెట్టుకుని నిమిషం పాటు వాసన చూశారు. రోజూ ఇలా చేసినా ఏమీ కాదన్నట్టు చూపించారు. కానీ అంతకు ముందు ఏడాదే ఆయనకు సీసం సోకిన సంగతి అక్కడి వాళ్లకు గుర్తు రాలేదు.

1925లో అమ్మకం కొంతకాలం ఆగింది. ప్రభుత్వ కమిటీ అడ్డు చెప్పకపోవడంతో 1926లో మళ్లీ మొదలైంది. ఆ సీసం పెట్రోల్ ప్రపంచమంతా పాకింది. మన దేశంలో దానికి తెరపడింది 2000లో. ప్రపంచంలో చివరి దేశంగా అల్జీరియా 2021లో ఆపేసింది. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే సీసం, దాదాపు వందేళ్లు రోడ్ల మీద పొగలా తిరిగింది.

మూడు రోజుల్లో పేరు తేలింది

1928లో కెట్టరింగ్ నుంచి మరో పని వచ్చింది. జనరల్ మోటార్స్‌కు ఫ్రిజిడైర్ అనే ఫ్రిజ్‌ల కంపెనీ ఉంది. గ్యాస్ లీకుల భయంతో జనం ఫ్రిజ్ కొనడానికి జంకుతున్నారు. అందుకే విషం కాని, అంటుకోని గ్యాస్ కావాలి. ఆల్బర్ట్ హెన్నె, రాబర్ట్ మెక్‌నరీ అనే ఇద్దరితో కలిసి మిడ్జ్‌లీ పీరియాడిక్ టేబుల్ ముందేసుకుని కూర్చున్నారు.

గ్యాస్‌గా మారే గుణమున్న మూలకాలు ఏవి? అంటుకోనివి ఏవి? విషం తక్కువ ఉన్నవి ఏవి? ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే చూపు ఫ్లోరిన్ మీద పడింది. ఇక్కడ కూడా ఒక తమాషా జరిగింది. అప్పటి పట్టికల్లో ఒక ఫ్లోరిన్ సమ్మేళనం మరిగే ఉష్ణోగ్రత తప్పుగా అచ్చయింది. ఆ తప్పు అంకె చూసే ఫ్లోరిన్ పనికొస్తుందన్న ఆలోచన బలపడింది. అంకె తప్పు.. దారి మాత్రం కరెక్ట్. మూడు రోజుల్లోనే డైక్లోరోడైఫ్లోరోమీథేన్ అనే పేరు తేలింది. తర్వాత లోకం దాన్ని ఫ్రియాన్-12 అని పిలిచింది. ఏసీ మెకానిక్‌ల భాషలో ఆర్-12.

దాన్ని తయారుచేయడానికి యాంటిమనీ ట్రైఫ్లోరైడ్ కావాలి. అది ఎక్కడా దొరకని సరుకు. ఒక్కొక్కటి ఔన్సు, అంటే దాదాపు 28 గ్రాములు ఉండే ఐదు సీసాలు సంపాదించారు. అందులోంచి ఒకటి తీసి కొద్దిగా గ్యాస్ తయారుచేశారు. గాజు గంట కింద గినీ పిగ్‌ను ఉంచి గ్యాస్ వదిలారు. దానికి ఏమీ కాలేదు. అందరూ సంబరపడ్డారు.

రెండో సీసాతో మళ్లీ చేశారు. ఈసారి గినీ పిగ్ చచ్చిపోయింది! వెతికితే తెలిసిందేంటంటే.. మిగతా నాలుగు సీసాల్లోని సరుకులో తేమతో కూడిన మరో లవణం కలిసింది. అందువల్ల తయారైన గ్యాస్‌లో ఫాస్జీన్ అనే విషవాయువు చేరింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషం అదే. మొదట చేతికి వచ్చింది ఆ నాలుగింటిలో ఏదో ఒకటై ఉంటే.. ఈ గ్యాస్ పనికిరాదని అక్కడితో వదిలేసేవాళ్లేమో. ఐదింట్లో బాగున్న ఒక్కటే ముందు చేతికి రావడంతో చరిత్ర మారిపోయింది. గ్యాస్‌ను శుభ్రం చేస్తే విషం పోతుందని వాళ్లు తేల్చారు.

ఆ సంఘటనలో ఇప్పటి ఏసీ మెకానిక్‌కు కూడా ఒక పాఠం ఉంది. రిఫ్రిజిరెంట్ పనిలో తేమ ఎప్పుడూ శత్రువే. ల్యాబ్ సీసాలో అయినా, రాగి పైపులో అయినా.

గుండెల నిండా పీల్చి.. కొవ్వొత్తి ఆర్పేశారు

1930 ఏప్రిల్‌లో అట్లాంటాలో అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశం. వేదిక మీద మిడ్జ్‌లీ. ఆ కొత్త గ్యాస్‌ను గుండెల నిండా పీల్చారు. వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి మెల్లగా వదిలారు. కొవ్వొత్తి ఆరిపోయింది. ఒక్క ఊపిరితో రెండు విషయాలు చూపించారు. ఇది విషం కాదు.. ఇది అంటుకోదు. ఆరేళ్ల కిందట చేతుల మీద సీసం ద్రవం పోసుకున్న మనిషే ఆయన. అయితే ఈసారి చూపించినది అబద్ధం కాదు. ఆ గ్యాస్ నిజంగానే ఎదురుగా ఉన్న మనిషికి హాని చేయదు.

అదే ఏడాది జనరల్ మోటార్స్, డ్యుపాంట్ కలిసి గ్యాస్ తయారీకి ప్రత్యేక కంపెనీ పెట్టాయి. ఫ్రిజ్ అంటే భయం పోయింది. ఇళ్లలో, ఆఫీసుల్లో, సినిమా హాళ్లలో ఏసీ పెట్టడానికి దారి తెరుచుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మలేరియా దోమల్ని చంపే స్ప్రే డబ్బాల్లో కూడా ఇదే గ్యాస్ నింపి సైనికులకు ఇచ్చారు. తర్వాత సెంటు సీసాలు, హెయిర్ స్ప్రేలు, ఫోమ్ తయారీ.. ఒకటేమిటి, అన్నింట్లోకీ దూరింది.

వీటన్నింటితో పాటు ఒక నిర్లక్ష్యం కూడా వచ్చింది. అంతకు ముందు లీకంటే చావు. అందుకే జాయింట్ వేసేవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని వేయాల్సి వచ్చేది. కొత్త గ్యాస్‌తో ఆ భయం పోయింది. కారితే కారనీ.. మళ్లీ నింపుకుందాం అనే అలవాటు మొదలైంది. రిపేరు చేసేటప్పుడు పాత గ్యాస్‌ను గాల్లోకి వదిలేయడం మామూలైపోయింది. మనిషి చావడం లేదు కాబట్టి లీకు తప్పే కాదన్నట్టు తయారైంది. లీకైనా పర్వాలేని గ్యాస్ వచ్చాక లీకు ఆపాలన్న పట్టుదల సడలిపోయింది.

మంచానికి కట్టేసిన చివరి రోజులు

మిడ్జ్‌లీకి అవార్డుల మీద అవార్డులు వచ్చాయి. 1937లో పెర్కిన్ మెడల్, 1941లో ప్రీస్ట్‌లీ మెడల్, 1942లో విల్లార్డ్ గిబ్స్ అవార్డు. వందకు పైగా పేటెంట్లు. 1944లో అమెరికన్ కెమికల్ సొసైటీకే ప్రెసిడెంట్ అయ్యారు. కెమిస్ట్రీ చదవని మనిషికి అది మామూలు గౌరవం కాదు.

కానీ అప్పటికే శరీరం సహకరించడం మానేసింది. 1940లో, 51 ఏళ్ల వయసులో ఆయనకు పోలియో సోకింది. కాళ్లు పడిపోయాయి. ఎవరి సాయం లేకుండా మంచం మీంచి లేవడానికి తాళ్లు, కప్పీలతో సొంతంగా ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఇంజినీర్ కదా.. తన కష్టానికి కూడా ఒక యంత్రమే పరిష్కారమనుకున్నారు. 1944 నవంబర్ 2న ఒహాయోలోని వర్దింగ్టన్‌లో ఇంట్లో ఆ తాళ్లలోనే చిక్కుకుని కన్నుమూశారు. ఆయన వయసు 55 ఏళ్లు. అది ప్రమాదమనే బయట చెప్పుకున్నారు. మరణ నమోదులో మాత్రం ఆత్మహత్యగా ఉందని ఆయన జీవితంపై పరిశోధన చేసినవాళ్లు చెబుతారు.

పోయేనాటికి ఆయన ఒక హీరో. తాను తెచ్చిన గ్యాస్ మనుషుల ప్రాణాలు కాపాడిందన్న నమ్మకంతోనే వెళ్లిపోయారు. ఆ నమ్మకంలో సగం నిజం. మిగతా సగం బయటపడటానికి ఇంకో 30 ఏళ్లు పట్టింది.

పైకి వెళ్లిన గ్యాస్ ఏం చేసింది?

1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్ అనే శాస్త్రవేత్తలు ఒక చిన్న ప్రశ్న వేసుకున్నారు. ఇన్నేళ్లుగా లీకైన ఈ గ్యాసంతా ఎక్కడికి పోయినట్టు? సమాధానం భయపెట్టింది. దేనితోనూ కలవదు, అంటుకోదు, విరగదు అని మెచ్చుకున్న గుణమే కొంప ముంచింది. కింద విరగదు కాబట్టి మెల్లగా పైపైకి పోతుంది. ఓజోన్ పొర దగ్గర సూర్యుడి అతినీలలోహిత కిరణాలు తగిలి విరుగుతుంది. అందులోంచి క్లోరిన్ బయటికి వస్తుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష దాకా ఓజోన్ అణువుల్ని నాశనం చేయగలదు.

ఓజోన్ పొర పలచబడితే చర్మ క్యాన్సర్, కంటి శుక్లాలు పెరుగుతాయి. పంటలకూ దెబ్బే. 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంటార్కిటికా మీద ఓజోన్ బాగా పలచబడిపోయిందని లెక్కలతో చూపించారు. లోకమంతా ఉలిక్కిపడింది. 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో మన దేశమూ చేరింది. 2010 నాటికి మన దగ్గర ఈ రకం గ్యాస్‌లకు దాదాపు తెరపడింది. మొలీనా, రోలాండ్‌లకు పాల్ క్రుట్జెన్‌తో కలిపి 1995లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆర్-12 గాల్లో సగటున వందేళ్లు ఉంటుంది. అంటే మిడ్జ్‌లీ బతికుండగా ఏ ఇంటి ఫ్రిజ్ జాయింట్ నుంచో కారిన గ్యాస్‌లో కొంత ఈ రోజుకీ మన నెత్తి మీదే ఉంది. అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి స్థితికి రావాలంటే 2066 దాకా పడుతుందని 2022 నాటి అంతర్జాతీయ అంచనా. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

మళ్లీ మొదటికి వచ్చిన కథ

ఆర్-12 పోయింది. చాలాకాలం ఏసీల్లో నడిచిన ఆర్-22 కూడా ఓజోన్‌కు కొంత చేటు చేస్తుందని దాన్నీ తగ్గిస్తున్నారు. ఇప్పుడు కొత్త స్ప్లిట్ ఏసీల్లో ఎక్కువగా వస్తున్నది ఆర్-32. ఇది ఓజోన్‌ను ముట్టుకోదు. అయితే రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి.. దీనికి స్వల్పంగా అంటుకునే గుణం ఉంది. రెండు.. కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే భూమిని 675 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. ఏసీలో 800 గ్రాముల గ్యాస్ ఉందనుకుంటే, అదంతా కారిపోతే 540 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. కొన్ని ఏసీల్లో వస్తున్న ఆర్-290 అయితే ప్రొపేనే.. దాదాపు వంట గ్యాస్ లాంటిదే.

మన దగ్గర కోస్తా జిల్లాల రొయ్యల ప్లాంట్లలో, ఐస్ ఫ్యాక్టరీల్లో అయితే ఇప్పటికీ అమోనియాతోనే చల్లబరుస్తారు. అక్కడ పైపు, వాల్వు లీకైతే కార్మికుల ప్రాణాల మీదికి వస్తుంది.

అంటే గ్యాస్‌దే భారమంతా అనుకునే రోజులు పోయాయి. మిడ్జ్‌లీ పక్కన పెట్టేసిన ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది. జాయింట్ గట్టిగా ఉందా, లేదా?

మీ ఇంట్లో ఏసీ బిగిస్తుంటే ఇవి చూడండి

పైపును రాగి పైపుల కట్టర్‌తోనే నిటారుగా కోయాలి. హ్యాక్సా బ్లేడుతో కోస్తే రాగి రజను లోపల పడి కంప్రెసర్ దాకా పోతుంది. కోసిన అంచున ఉన్న గరుకును తీసేటప్పుడు పైపు నోరు కిందికి ఉండాలి. అప్పుడే పొడి లోపలికి పోదు. పని మొదలయ్యేదాకా పైపు చివర్లకు మూతలు ఉండాల్సిందే. దుమ్ము, తేమ.. రెండూ చేటే.

ఆ తర్వాత నట్టు ముందుగా పైపుకు తొడిగి, పైపు నోటిని ఫ్లేరింగ్ టూల్‌తో గరాటులా విప్పుతారు. ఆ గరాటు అంచు నున్నగా, గుండ్రంగా, పగుళ్లు లేకుండా ఉండాలి. గీత పడినా, వంకరగా వచ్చినా ఆ ముక్క కోసేసి మళ్లీ చేయాలి. అంగుళం రాగి వృథా అవుతుందని చూస్తే కిలో గ్యాస్ పోతుంది.

నట్టును మొదట చేత్తోనే తిప్పాలి. నాలుగైదు చుట్లు సాఫీగా ఎక్కితేనే పైపు సరిగ్గా కూర్చున్నట్టు. ఆ తర్వాత రెండు స్పానర్లు వాడాలి.. ఒకటి యూనిట్ వైపు పట్టుకోవడానికి, రెండోది నట్టు తిప్పడానికి. ఒక్క స్పానర్‌తో లాగితే లోపలి పైపు మెలిపడుతుంది. ఎంత బిగించాలనేదానికీ లెక్క ఉంది. పావు అంగుళం పైపుకు సాధారణంగా 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, అర అంగుళం పైపుకు 49 నుంచి 61. మీ ఏసీ మాన్యువల్‌లో ఉన్న అంకే ఫైనల్. దానికి టార్క్ రెంచ్ ఉంటుంది. వదులైతే గ్యాస్ కారుతుంది. బలం కొద్దీ బిగిస్తే గరాటు నలిగి పగులుతుంది. అది ఇవాళ కాకపోయినా వచ్చే వేసవికి కారుతుంది.

ఇక టెస్టింగ్. నైట్రోజన్ నింపి, మాన్యువల్‌లో చెప్పిన ప్రెజర్ దగ్గర కొంతసేపు ఉంచి, నాలుగు జాయింట్ల మీదా సబ్బు నురగ పూయాలి. బుడగ వస్తే లీకున్నట్టే. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ వాడితే మాత్రం పేలుడే.. లోపలి ఆయిల్‌తో కలిస్తే ఆగదు. తర్వాత వాక్యూమ్ పంప్ పెట్టి లోపలి గాలి, తేమ లాగేయాలి. గేజ్ 500 మైక్రాన్ల కిందికి దిగి, పంప్ ఆపాక కూడా పెద్దగా పెరగకుండా నిలిస్తే లోపల పొడిగా ఉన్నట్టు. అప్పుడే అవుట్‌డోర్ యూనిట్ వాల్వులు తెరవాలి.

చాలాచోట్ల వాక్యూమ్ పంప్ తేకుండా, యూనిట్‌లోని గ్యాస్‌నే కాస్త వదిలి గాలిని నెట్టేస్తారు. పది నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ తేమ లోపలే ఉండిపోతుంది. వదిలిన గ్యాస్ గదిలోకి చేరితే పేరుకోవచ్చు. ఈ గ్యాస్‌లు గాలి కన్నా బరువు.. నేల మట్టంలో నిలుస్తాయి. లీకు అనుమానం వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా, అగ్గి వెలిగించకుండా కిటికీలు, తలుపులు తెరిచి బయటికి రావాలి. దీపం, స్టవ్ ఆ గదిలో ఉండకూడదు. అంటుకోని గ్యాస్ అయినా సరే, మంట తగిలితే విషవాయువులు పుడతాయి.

ఏసీ ఇల్లు మార్చేటప్పుడు మరో ప్రమాదం ఉంది. గ్యాస్‌ను అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగే పని జరుగుతుండగా పైపు విప్పితే, గాలి కంప్రెసర్‌లోకి పోతుంది. గాలి, ఆయిల్ కలిసి ఒత్తిడికి అది పేలిపోవచ్చు. కంప్రెసర్ ఆపాకే పైపు విప్పాలి. ఏటా గ్యాస్ నింపించుకోవాల్సి వస్తోందంటే అది మామూలు సంగతి కాదు. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ముందు లీకు వెతికించాలి.. ఆ తర్వాతే గ్యాస్.

మిడ్జ్‌లీ తెలివికి లోటు లేదు. కష్టపడటంలోనూ లోటు లేదు. ఆయన తెచ్చిన గ్యాస్ ఆనాడు ఎందరో ప్రాణాలు నిలబెట్టిందన్నదీ నిజమే. కానీ గ్యాస్ ఎంత మంచిదైనా పైపు దాటి బయటికి వచ్చాక అది ఎవరి మాటా వినదని ఆయన కథ చెబుతోంది. ఏసీ బిగించే రోజున నాలుగు నట్లు సరిగ్గా పడ్డాయా, వాక్యూమ్ పెట్టారా అని టెక్నీషియన్‌ను అడగడానికి మొహమాటపడాల్సిన పనే లేదు. మహా అయితే పని ఇంకో గంట ఎక్కువ పడుతుంది.